మోచేతికి తెలిసిన వేడి

నాలుగో బానలోకి సొరబుర్రతో రసం వంచుతూ అపొలీన్ ఓరకంట పొయ్యి వైపు చూసింది. యులాలీ అక్కడే ఉంది. కాగు అడుగున మిగిలిన మడ్డి గోకుతున్నట్టు వంగి ఉంది కానీ ఆమె చేతిలో గరిటె కదలడం లేదు. నడుముకు చుట్టుకున్న గుడ్డ మడతలో ఏదో సన్నటి పుల్లలాంటిది ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. నిన్నా ఉంది. మొన్నా ఉంది.

"ఏమే, గోకుతున్నావా, కునుకుతున్నావా?"

"గోకుతున్నా చిన్నత్తా."

గొంతులో వినయం పాలు ఎక్కువైంది. వినయం ఎక్కువైన గొంతంటే అపొలీన్‌కి మొదటినుంచీ నమ్మకం లేదు.

మధ్యాహ్నం దాటి గంటయింది. ఏప్రిల్ నెల. దియెబుగు ఊరిమీద ఆకాశం ఎండకు తెల్లబడిపోయి ఉంది. తొలకరికి ఇంకా మూడు వారాలైనా పడుతుంది. గాలి వీస్తే పొయ్యి మీద మూత తీసినట్టు సెగ ముఖానికి కొడుతోంది. గడ్డి పందిరి కింద తడి ఇసుకలో సగానికి పాతిన నాలుగు బానల్లోంచీ ఆవిరి లేస్తోంది. ఎర్రజొన్న మొలకలు ఎండబెట్టి తిరగలిలో విసిరి, బెండ జిగురుతో తేర్చి, తెల్లవారకముందు నుంచి కాచిన రసం అది. రంగు పాత ఇటుకలా ఉంటుంది. నాలుక మీద పెడితే ముందు బెల్లం, తర్వాత కాస్త వగరు.

కాచడం ఎవరైనా కాస్తారు, కట్టెలుంటే చాలు. అది జొన్నకల్లు అవుతుందో కాదో తేలేది చల్లార్చడంలోనే. వేడి మీద పులియబెట్టే తోడు వేస్తే అది చచ్చిపోతుంది, తెల్లారేసరికి బానలో పానకమే మిగులుతుంది. ఆలస్యం చేస్తే ఈ ఎండల్లో రసం తనంతట తానే పులిసి కంపు కొడుతుంది. చలికాలంలో బాన దానంతటదే చల్లారుతుంది. ఏప్రిల్లో మాత్రం పసిబిడ్డ దగ్గర కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చోవాలి.

ముప్పై ఒక్క ఏళ్లుగా అలా కూర్చున్నది అపొలీనే.

పొట్టి మనిషి. పొగకు ఎర్రబడ్డ కళ్లు, వెడల్పాటి పాదాలు, ఎడమదానికన్నా కాస్త లావైన కుడిచేయి. పెళ్లయిన ఆరో ఏట మొగుడు బావి తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగిపడి పోయాడు. పుట్టిన ఇద్దరూ నిలవలేదు. "ఎక్కడికి పోతావు, ఈ వాకిట్లోనే ఉండు" అన్నాడు మొగుడి పెదనాన్న కొడుకు సిప్రియాన్. సిప్రియాన్ భార్య ఒనొరీన్ అప్పటికే జొన్నకల్లు కాచి అమ్మేది. పెద్ద తోడికోడలు కాచింది, చిన్న తోడికోడలు చల్లార్చింది. ఏళ్లు గడిచిపోయాయి. అపొలీన్ గురించి చెప్పుకోవడానికి ఊళ్లో ఇంతకుమించి ఏమీ లేదు, ఆమె మోచేయి గురించి తప్ప.

కడిగిన మోచేతిని రసంలో ముంచి మనసులో పది లెక్కపెట్టేది. చంటిబిడ్డకు పోసే నీళ్లంత వేడి ఉంటే తోడు వేయొచ్చు. ఆ కొలత ఆమెకు ఊరికే రాలేదు. ఆ వాకిట్లో పుట్టిన ఏడుగురికీ నీళ్లు పోసింది ఆ చెయ్యే. ఒనొరీన్ కొడుకు, ఇవాళ యులాలీ మొగుడైన ఫెలిక్స్ కూడా ఆ చేతిమీద గుక్కపట్టి ఏడ్చినవాడే.

అలాంటి చేతికి ఇప్పుడు మచ్చ పడింది. నెలలో రెండుసార్లు కల్లు పొంగలేదు. రెండుసార్లూ పందులకు పోశారు. మూడోసారి తోడు వేసి, పొద్దుగూకుతుండగా తిరిగి చూస్తే, యులాలీ ఒక్కతే బానల మీద వంగి గుప్పిట్లోంచి ఏదో రాలుస్తోంది. ఆమె చేతిలో గాజులాంటిది తళుక్కుమంది. తెల్లారి కల్లు బ్రహ్మాండంగా పొంగింది.

అపొలీన్‌కి లెక్క తేలిపోయింది. చెడగొట్టగలిగినదే బాగుచేయగలదు. రెండుసార్లు చెడగొట్టి మూడోసారి నిలబెట్టింది, ముసలిదాని చేతిలో పసలేదని అనిపించడానికి. రెండేళ్ల కిందట బొబో నగరం నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. బడికి వెళ్లింది, రాయగలదు, ఊరికే ఎందుకుంటుంది? ఈ మధ్య అత్తాకోడళ్లిద్దరూ మాట్లాడుకుంటూ, తను రాగానే ఆపేస్తున్నారు. మూడు రోజులుగా ఒనొరీన్ తనకు మాంసం ముక్కలు ఎక్కువ వేస్తోంది. ఎవరైనా ఊరికే మాంసం వేస్తారా?

పైగా ఇవాళ్టిది అమ్మకానికి కాచిన కల్లు కాదు. సిప్రియాన్ పోయి రేపటికి ఏడాది. మొదటి సొరబుర్రెడు కల్లు పోయిన పెద్దల పేరున నేలమీద వంపాలి, ఆ తర్వాతే మనుషులు తాగాలి. పానకం వంపితే ఆయన ఆత్మ ఏ మొహం పెట్టుకుని పెద్దల్లో కలుస్తుంది?

పందిరి అంచున నీడలోకి సిల్వాన్ వచ్చి చతికిలబడ్డాడు. ఒకప్పుడు గోడలు కట్టిన మేస్త్రీ. ఇప్పుడు కూర్చోవడమే పని.

"అపొలీన్, రేపు కల్లు పోస్తావా, పోయిన నెల్లోలా బెల్లం నీళ్లా? చెప్పు, దాన్నిబట్టి మా మనవణ్ణి తెచ్చుకుంటా."

"నీ నోట్లో పళ్లు లేవుగా, నీకు బెల్లం నీళ్లే మంచిది."

"పళ్లు పోయినా నాలుకుందమ్మా."

"అది పోయినా బాగుండేది."

అతను పడీపడీ నవ్వాడు. అపొలీన్ నవ్వలేదు. వీడికి ఎవరు చెప్పారు? పందులకు పోసిన సంగతి వాకిలి దాటి ఎలా వెళ్లింది?

కుళాయి నుంచి రెండు బిందెలు తెచ్చి ఇసుక తడిపింది. బానల చుట్టూ గోనెపట్టాలు చుట్టి వాటి మీదా నీళ్లు చిలకరించింది. సొరబుర్రతో రసాన్ని ఎత్తి ధారగా మళ్లీ బానలోకే వదిలింది, గాలి తగిలేలా. ఈగలు పడకుండా జల్లెడ బుట్టలు మూసింది. నీడ రెండు మూరలు జరిగాక కుడి మోచేయి కడుక్కుని మొదటి బానలో ముంచి పది లెక్కపెట్టింది.

"కాసేపట్లో తోడు వేసేయొచ్చు" అంది పైకే.

పొయ్యి దగ్గర యులాలీ చటుక్కున తలెత్తింది. "అప్పుడేనా చిన్నత్తా?"

"ఏం, నీకేమైనా పనుందా ఈలోపు?"

పిల్ల తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూశాక అపొలీన్ ఇక ఆగదలుచుకోలేదు. "గడ్డి తెస్తా" అని గట్టిగా అని, గాదె వెనక్కి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. గోడ కాలుతోందో లేదో కూడా ఆమెకు పట్టలేదు. సిల్వాన్ కునుకుతున్నాడు. యులాలీ అటూ ఇటూ చూసింది. గబగబా పందిరి కిందికి వచ్చి బుట్ట తీసి, నడుం మడతలోంచి ఏదో లాగి, మొదటి బానలోకి దించింది.

అపొలీన్ అంత వేగంగా నడిచి ఏళ్లయింది. ఆ పిల్ల మణికట్టు ఒడిసి పట్టుకుంది.

"ఏం కలుపుతున్నావే? ఎవరిచ్చారు నీకీ మందు? సిప్రియాన్ కర్మ కల్లు అని కూడా చూడవా, పాపిష్టిదానా!"

"మందు కాదు అత్తా! వదులు, పగులుతుంది!"

యులాలీ చేతిలో ఉన్నది గాజుపుల్ల. లోపల దారంలాంటి ఎర్రగీత, పక్కనే అంకెలు.

"మా అన్న పాలకేంద్రంలో పనిచేస్తాడుగా, అక్కడిది. వేడి చెప్తుంది. చూడు, యాభై ఎనిమిది డిగ్రీలు. ముప్పై అయిదూ నలభై మధ్యకి దిగాలి. ఇప్పుడు తోడు వేస్తే చచ్చిపోతుంది అత్తా, పోయినసారీ ఇలాగే..." అని నాలుక కరుచుకుంది.

"పోయినసారి?"

"నువ్వు వేసింది చచ్చిపోయింది. చల్లారాక నేను మళ్లీ వేశాను."

"అబద్ధం! ఇప్పుడే చూశా. నులివెచ్చగా ఉంది."

అంటూనే అపొలీన్ కుడిచేతిని మోచేయి దాటేదాకా బానలో ముంచింది. ముంచి యులాలీ కళ్లలోకే చూస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. యులాలీ కెవ్వున అరిచింది. రెండు చేతులతో ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది. అప్పటికి తొమ్మిది.

చేతిమీంచి రసం కారుతోంది. కింద, ఇందాకే కందిన చర్మం ఎర్రజొన్న కంకి రంగుకు తిరిగింది. చూస్తుండగానే మోచేతి దగ్గర బుడగలాంటిది లేచింది. అపొలీన్ తన చేతినే, ఎవరో తెచ్చి పక్కన పెట్టిన వస్తువును చూసినట్టు చూసింది. నొప్పి రాలేదు. వస్తుందని ఆగింది. వేళ్లు ముడిచింది, చాచింది. గోనెపట్టాలో చుట్టి పెట్టిన చేయిలా ఉంది, అంతే. అలా ఎన్నాళ్లుగా ఉందో గుర్తు చేసుకోబోయింది. తెలియలేదు.

ఇంటి గడపలో ఒనొరీన్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో!

"నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలంలో పొయ్యిలోంచి నిప్పు వట్టి చేత్తో తీసి పక్కన పెట్టావు చూడు, అప్పట్నుంచి. పిల్లని చెప్పొద్దన్నది నేనే."

"ఎందుకని?"

"చెప్తే, ఇంక పనికిరాననుకుని వెళ్లిపోతావని."

సిల్వాన్ మేలుకొన్నాడు. ఏదో జోకు వేయబోయి, ముగ్గురి మొహాలూ చూసి, టోపీ సర్దుకుని లేచి వెళ్లిపోయాడు.

ఒనొరీన్ షియా గింజల వెన్న తెచ్చి చేతికి రాసింది. రాస్తున్నంతసేపూ అపొలీన్ బానల వైపే చూస్తోంది. యులాలీతో తప్పయిందని అనలేదు. ఆమెకు ఆ మాట ఎప్పుడూ అలవాటు లేదు. కాసేపటికి విసుగ్గా అంది:

"నిలబడి చూస్తావేం? ఇంత లోతు బానల్లో ఈ ఎండకు రాత్రికి కూడా చల్లారదు. వెడల్పు మూకుళ్లు పట్రా. పల్చగా వంపు. పడమటి పక్క పట్టా కట్టు, ఆ గాలి రానివ్వకు. దాన్ని తడుపుతూ ఉండు."

ఆరు మూకుళ్లు వచ్చాయి. ఒనొరీన్ విసనకర్ర పట్టింది. యులాలీ నీళ్లు మోసి మోసి చెమటతో తడిసిపోయింది. అపొలీన్ ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కొక్క మూకుడూ పేరుపెట్టి పిలిచినట్టు చెప్తూపోయింది: దీన్ని కలుపు, దాన్ని జరుపు, దీని మీద నురగ తియ్యి. పొద్దు వాలి పందిరి నీడ గాదెను తాకేసరికి యులాలీ గాజుపుల్ల తీయబోయింది.

"ఆగు. ముందు మోచేయి పెట్టు."

"దీంతో తెలుస్తుందిగా అత్తా."

"అది పగిలిన రోజు ఏం చేస్తావే? పెట్టు. రేపు నీకో పిల్లో పిల్లాడో పుడితే, ఆ నీళ్లు వాడికి పోస్తావా, పోయవా? అది చెప్పు."

యులాలీ కళ్లు మూసుకుంది. పెదాలు కదిపింది. "పోస్తా" అంది.

"ఇప్పుడు నీ పుల్ల చూడు."

ముప్పై ఏడు.

రసాన్ని బానల్లోకి తిరిగి వంచారు. తోడు పొడి ఉన్న మూట అపొలీన్ కొంగున ఉంది. ఎడంచేత్తో ముడి విప్పబోయి, ఆగి, మూట మొత్తం యులాలీ చేతిలో పెట్టింది. యులాలీ నాలుగు బానల్లోనూ వేసింది. ఇంకా వెలుగుండగానే అపొలీన్ మొదటి బానకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఆమె చెవికి ఏ లోటూ లేదు. లోపల చిటపటమని, చాలా సన్నగా, తోడు లేస్తోంది.

"బతికింది" అంది.

ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లి మూటతో బయటికొచ్చింది. "దానో ఊళ్లో మిషన్ ఆసుపత్రి ఉంది. చెయ్యి చూపించుకుంటా. అక్కడే మా అన్న ఇంట్లో పడుకుని పొద్దున్నే వస్తా."

ఒనొరీన్ మూట వైపు చూసింది. "ఒక్క రాత్రికి అంత మూటా?"

"దుప్పటి ఉంది."

"ఈ ఎండల్లో దుప్పటా?"

"అన్న ఇంట్లో దోమలు."

ఒనొరీన్ ఇంకేదో అడగబోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో తోడికోడలు తన ముందు అబద్ధమాడటం ఆమె చూడలేదు. అందుకే అది ఎంత చేతకాకుండా ఆడిందో ఇట్టే కనిపించింది. అడగలేదు. లోపలికెళ్లి ఉడికించిన పెండలం ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి మూటలో దూర్చింది.

"రేపు మొదటి బుర్ర వంపేటప్పుడు నువ్వుండాలి" అంది మాత్రం.

"ఆయనకి తెలుసులే, ఎవరు చల్లార్చారో" అంది అపొలీన్. 

అంగడి దగ్గర దానో లారీ మొక్కజొన్న బస్తాలతో, రెండు మేకలతో కదలడానికి సిద్ధంగా ఉంది. యులాలీ భుజం ఆసరా ఇచ్చింది. అపొలీన్ వెనక ఇనుపమెట్ల మీద అడుగు పెట్టి, ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కి బస్తాల మధ్య ఒదిగింది. అక్కణ్ణుంచి వంగి చెప్పింది:

"పొద్దున నురగ పొంగితే మూత బిగించొద్దు. ఊపిరాడాలి దానికి."

"సరే అత్తా. రేపొస్తావుగా?"

లారీ మోత పెద్దది. ఆమె విన్నదో లేదో, చెయ్యి ఎత్తింది, ఆ కాలిన చెయ్యే. ఎర్రదుమ్ము లేచి రోడ్డునంతా కప్పేసింది. యులాలీ కొంగుతో మొహం తుడుచుకుని దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది.

అణిగాక, లారీ మెట్లున్న చోట నేలమీద కుడికాలి నీలం రబ్బరు చెప్పు ఒక్కటే ఉంది. మడమ దగ్గర అరిగి పల్చబడింది, అయిదు వేళ్ల అచ్చులూ లోతుగా పడి ఉన్నాయి, పట్టీ మాత్రం ఎక్కడా తెగలేదు. ఊరికే జారిపోయింది, ఆ కాలికి తెలియకుండానే.