తలకిందుల తేలు

ఓబన్న కుడిచేతి మీది పచ్చబొట్టు తేలు తలకిందులుగా ఉంది.

జమ్మలమడుగుకు ఎదురుగా, పెన్నేటి ఇవతలి ఒడ్డున, నాపరాతి గనుల మధ్య ఉంది అతని పల్లె. అక్కడ చేతిమీద తేలు లేని మగవాడు అరుదు. బండ ఎత్తితే తేలు, బండ దించితే తేలు. చేతిమీద ఒకటి పొడిపించుకుంటే తక్కినవి చుట్టమనుకుని తప్పుకుంటాయని నమ్మకం. అందరి తేళ్లకూ తల మణికట్టు వైపు, కొండి మోచేతి వైపు. ఓబన్న తేలుకు మాత్రం కొండి వేళ్ల వైపు తిరిగింది.

దానికి పెద్ద కారణమేమీ లేదు. ప్రొద్దుటూరు సంతలో పచ్చబొట్లు పొడిచే మస్తానమ్మ ముందు చెయ్యి చాపి కూర్చున్నవాడు, ఎండ కళ్లలో పడుతోందని లేచి అటువైపు కూర్చున్నాడు. ఆమె తను కూర్చున్న వాటాన తాను పొడుచుకుపోయింది. ఇంటికొచ్చాక పెండ్లాం నాగమ్మ చూసి, "ఊరంతా ఒక దోవ, నీదొక దోవ" అని నవ్వింది. అంతటితో పోయేదే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు గనిలో తోటి కూలి పుల్లయ్యను తేలు కుట్టింది. వాడు గిలగిల కొట్టుకుంటుంటే ఓబన్న పరిహాసానికి, "ఉండు, మా తేలుతో సెప్పిస్తా" అని వాడి చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి నొప్పి తగ్గింది. దానంతట అదే తగ్గే నొప్పి. పుల్లయ్య మాత్రం లేచి నిలబడి, "కొండి కిందికుండాది సూడండప్పా! అందుకే ఇసం కిందికి దిగింది" అన్నాడు. ఆ మాట పొద్దుగూకేలోగా ఊరు మూడు చుట్లు తిరిగింది.

ఇక ముసలమ్మలు కట్లు కట్టారు. తేలు చెయ్యి ఉన్నవాడు పిలిస్తే రానన్నాడో, ఆ చెయ్యి పడిపోతుందట. ఎంగిలి చేత్తోనైనా లేచి రావాలట. ఊరు విడిచి పరాయిచోట నిద్ర చేయకూడదట. మూడేండ్లలో ఓబన్న అత్తగారి ఊరు సింహాద్రిపురానికి ఒక్కసారి పోయి, అదే రోజు తిరిగి వచ్చాడు.

"నేను తేలు కుట్టిచ్చుకుంటేనన్నా నా పక్కన కూసుంటావేమో" అనేది నాగమ్మ.

తన చేతిలో ఏమీ లేదని ఓబన్న చెప్పకపోలేదు. మునసబు బాలసుబ్బయ్య దగ్గరకు పోయి మరీ చెప్పాడు. మునసబు చుట్ట నోట్లోంచి తీసి, "లేనోడు ఉండాదంటాడు. ఉన్నోడే లేదంటాడు. మాకు తెలీదా అబ్బీ?" అన్నాడు.

నిరుడు మహబూబ్‌బీ మనవణ్ణి ఎర్రతేలు కుట్టింది. మామూలు తేలుకు కాలో చెయ్యో మండుతుంది. ఆ బిడ్డకు నోట చొల్లు కారింది, వాంతులయ్యాయి, ఒళ్లంతా చెమట పట్టింది. ఓబన్న పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండగా చల్లబడింది, ప్రాణం పోయింది. ఊరు అతన్ని ఒక్క మాట అనలేదు. మహబూబ్‌బీ ఆలస్యంగా పిలిచిందని ఆమెనే అన్నారు. ఆ ముసలామె కూడా అవునని నెత్తి కొట్టుకుంది. తిట్టి ఉంటే ఓబన్నకు కొంచెం తేలికయ్యేది.

ఆ వారమే ప్రొద్దుటూరు పోయి మస్తానమ్మ ముందు చెయ్యి పెట్టాడు.

"దీన్ని తీసెయ్యమ్మా."

"పొడిసింది యాడికి పోతాదప్పా? కాటికాడ నీతో పోవాల్సిందే."

"పోనీ పక్కన ఇంకొకటి సక్కంగా పొడువు."

"పొడుస్తా. అప్పుడు రెండు తేళ్లోడు వచ్చినాడని ఇంకో నాలుగూళ్లోళ్లు పట్టుకుంటారు." ఆమె సూదులు తుడుచుకుంటూ నవ్వింది. "పొడిసేది మేము నాయనా. అర్థాలు పెట్టేది మీరే."

చివరికి దారి చూపింది బావమరిది జనార్దనం. ఎర్రగుంట్లలో రైలు పట్టాల గ్యాంగులో మనిషి కావాలన్నాడు. సోమవారం పొద్దున్నే మేస్త్రీ ముందు నిలబడాలి. ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఊరికి తెలిస్తే కాళ్లకు అడ్డం పడతారని ఓబన్న ఎవరికీ చెప్పలేదు. సోమవారం తెల్లవారుతుండగా మూట భుజాన వేసుకుని గడప దాటాడు.

ఎదురుగా అబ్దుల్ సత్తార్ పరిగెత్తుకొస్తున్నాడు. గనిలో బండి తోలే మనిషి. చేతుల్లో ఆరేండ్ల కూతురు జైబున్నీసా. వెనక తల్లి గుల్జార్‌బీ.

"పిడకలు తీస్తాంటే కుట్టిందన్నా! బిన్నా రా, సెయ్యి పెట్టు!"

ఓబన్న బిడ్డ మొహం చూశాడు. పెదవి చివర చొల్లు. నుదుటి మీద చెమట. చెయ్యి ముట్టుకుంటే ఏటి రాయిలా చల్లగా ఉంది.

"నా సేతిలో ఏం లేదు సత్తారూ. బండి కట్టు. ఏటవతల ఆస్పత్రికి పోదాం."

సత్తార్ కదల్లేదు. అతని చూపు మూట మీద పడింది. గుల్జార్‌బీ కాళ్ల మీద పడిపోయింది. "మా మీద కోపమొచ్చి పోతాండావా అన్నా? తప్పయింది. బిడ్డ ఏం జేసింది?"

"కోపం కాదమ్మా. ఒట్టు. నాకు ఇసం దించేది రాదు."

"వస్తాది. మాకు తెలుసు."

నలుగురూ చేరుతున్నారు. మునసబు కూడా వచ్చాడు. "పెద్దతనానికి పోవాకు ఓబన్నా, పట్టుకో" అన్నాడు. నిజం చెప్పినకొద్దీ ఒక్కొక్కరు ఇంకో అడుగు దగ్గరికి జరిగి చుట్టూ దడి కట్టారు. జైబున్నీసా భళ్లున వాంతి చేసుకుంది.

ఓబన్న మూట కింద పడేశాడు. బిడ్డ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచి, ఎప్పుడూ లేని గొంతుతో అరిచాడు.

"ఎర్రతేలు ఇది! నా తేలును పొడిసింది సూది. సూది పడితేనే అది కొండి తెరిసి ఇసం లాగేది. పెన్న దాటాల. ఆస్పత్రి సూది పడేదాకా నేను ఈ సెయ్యి ఇడవను. బండి కట్టు!"

అంతే. బండి ఎవరు కట్టారో, ఎద్దుల్ని ఎవరు అదిలించారో తెలియలేదు. ఎండిన పెన్నేటి ఇసుకలో చక్రాలు దిగబడితే మునసబే పంచె ఎగదోపి భుజం పెట్టాడు. ఓబన్న చెయ్యి వదల్లేదు. ఎర్రగుంట్ల వీపు వెనక ఉంది.

ఆస్పత్రిలో సూదులు వేశారు. పగలంతా మంచం పక్కనే కనిపెట్టుకున్నారు. పొద్దు వాలేవేళకు బిడ్డ ఒళ్లు వెచ్చబడింది, నీళ్లు అడిగింది. "ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేది. ఎవరిని కుట్టినా ఇట్లా వెంటనే తీసుకురండి" అన్నాడు డాక్టరు. సత్తార్ ఆ మాట విన్నాడు. విని, ఓబన్న చెయ్యి రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

పది రోజుల్లో చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసింది: ఓబన్న పట్టుకుంటేనే సూది పనిచేస్తుంది. ముందు అతని గుమ్మం, తర్వాత ఏరు. వీరపునాయునిపల్లె నుంచి కూడా ఒకడు వచ్చి పోయాడు.

మరుసటి నెల జనార్దనం వచ్చాడు. "మేస్త్రీ ఆ పొద్దే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ ఒక ఖాళీ పడింది బావా. నాకోసం ఆపి పెట్టినాడు. రేపే రావాల."

నాగమ్మ అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగి మొగుడి మొహం చూసింది. ఓబన్న ముద్ద కలిపి పట్టుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. తను లేని ఊళ్లో ఎర్రతేలు కుడితే బండి ఏరు దాటదు. ఏ ముసలమ్మ కట్టిన కట్టూ కాదు ఇది, తను కట్టుకున్నదే.

"ఏందప్పా, వస్తాండావా?" అన్నాడు జనార్దనం.

బయట బండి ఆగిన చప్పుడైంది. ఆడమనిషి ఏడుపు. ఎవరో కాడి దించబోతున్నారు.

ఓబన్న లేచాడు.

"ఎద్దుల్ని ఇప్పాకండి!" అని లోపలి నుంచే కేక వేశాడు.

నాగమ్మ అతని కంచం మీద మూత పెట్టింది.