తోక తెగిన ప్రశ్న

గిన్నెలు తోముతూ "అత్తయ్యా, తిన్నారు" అన్నాను. గిన్నెలన్నీ బోర్లించి వచ్చి చూస్తే, ఆవిడ ఖాళీ కంచం ముందు అలాగే కూర్చుని ఉంది.

"తిన్నానని నువ్వే తేల్చేశావుగా, ఇంకేం తింటాను?" అంది.

నేను అడిగాననే అనుకున్నాను. మా పుట్టింటి వాళ్లం మాట చివర రాగం తీస్తాం. "తిన్నారాఆ" అంటాం. అత్తయ్య దాన్ని తోక అంటుంది. ఆ తోక కోయడం నేర్చుకుంటున్నాను కదా, దాంతోపాటు ప్రశ్న కూడా తెగిపోయింది. ఫోనులో మాట్లాడే ఉద్యోగాలకి ఎక్కడికెళ్లినా "గొంతు బాగుందండీ, ఆ యాసే..." అని నసిగేవాళ్లు. "నువ్వు నోరు తెరిస్తే చాలు, ఎక్కడి సరుకో తెలిసిపోతుంది" అని మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, చేతికి తడి అంటకుండా రోజూ పాఠం చెబుతాడు. నాకు ఒళ్లు మండుతుంది. గ్యాస్ వాళ్లతో, బడి టీచరుతో, తను తప్పించుకు తిరిగే చుట్టాలతో మాట్లాడి పెట్టేది ఈ నోరే. ఇంటి చాకిరీకి అడ్డురాని యాస జీతం దగ్గరికొచ్చేసరికి ఎందుకు అడ్డొస్తుందో నాకు తెలీదు.

అయినా ఉద్యోగం కావాలి. నాకంటూ ఒక కుర్చీ, కాసేపైనా నన్నెవరూ మంచినీళ్లడగని చోటు కావాలి. ఈసారి పిలిచింది ఆసుపత్రి వాళ్లు. రోగులు ఫోను చేస్తే బాధేమిటో కనుక్కుని, డాక్టరు దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పాలి. పరీక్ష కోసం మేనేజరు తనే రోగినన్నాడు.

"మీకు నొప్పి ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు" అన్నాను, తోక కోసి.

"ఈవిడ అడుగుతోందా, శాపం పెడుతోందా?" అన్నాడాయన పక్కనున్న నర్సుతో.

నర్సు మొహం తిప్పుకుంది. నాకూ నవ్వు ఆగలేదు. చచ్చినా ఇక కోయకూడదనుకున్నాను.

"నొప్పి ఎక్కడుందండీఈ? రాత్రి నిద్ర పట్టిందాఆ?"

ఆయన మెత్తబడిపోయాడు. "ఎక్కడి నిద్రమ్మా, నడుం పట్టేసి నెల కావస్తోంది. ఎవరికి చెప్పుకోను?" అని నిజం నొప్పే చెప్పుకొచ్చాడు. చెప్పినంతసేపూ విని, పొద్దున్నే రమ్మన్నాను. అప్పుడు తేరుకుని గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగుంది. ఆ యాస ఒక్కటి తగ్గించుకుంటే..."

"తగ్గించనండీఈ. తీసుకుంటే తోకతోనే తీసుకోండి."

"మీ నడుం సంగతి మాకూ ఇప్పుడే తెలిసింది సార్" అంది నర్సు.

ఆయన నడుం పట్టుకుని మరీ నవ్వాడు. "అయితే సోమవారం వస్తున్నారు" అన్నాడు.

"అడుగుతున్నారా, చెబుతున్నారాఆ?" అన్నాను.