అమ్మకానికి లేని ఇల్లు

మా ఇబాదాన్ ఊళ్లో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఎర్ర రంగుతో "ఈ ఇల్లు అమ్మకానికి లేదు, మోసగాళ్లున్నారు జాగ్రత్త" అని రాసేస్తారు. ఇంటివాళ్లు పక్క ఊరికి పెళ్లికి వెళ్లొచ్చేలోగా వాళ్ల ఇంటిని ఇంకెవడో అమ్మేసి సొమ్ము చేసుకున్న కథలు వీధికొకటి ఉన్నాయి మరి. మా వీధిలో అందరికంటే పెద్ద అక్షరాలు బాబా అకిన్వందేవి. గేటు మీద, ముందు గోడ మీద, వెనక గోడ మీద, ఆఖరికి కోళ్ల గూటి మీద కూడా రాయించాడు. "కోళ్ల గూడు ఎవడు కొంటాడు బాబా?" అని అడిగాను ఒకసారి.

"ఇయా రోంకే, దొంగవెధవ ఎప్పుడూ చిన్నదానితోనే మొదలెడతాడు" అన్నాడు.

ఇయా రోంకేని నేనే, అంటే రోంకే తల్లిని. ఆయన గేటుకెదురుగా పొయ్యి పెట్టుకుని పొద్దున్నే అలసంద పిండితో అకారా వడలు వేస్తాను. వీధిలో ఎవరు వచ్చినా, ఎవరు పోయినా నా నూనె పొగలోంచే పోవాలి.

బాబా రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. పచ్చజెండా, ఎర్రజెండా పోయాక ఆయనకి మేమే దొరికాం. నెలనెలా జరిగే వీధి మీటింగులో భద్రత ఆయన వంతు. కొత్తవాడెవడైనా ఫలానా ఇల్లు ఎవరిదని అడిగితే "నాకు తెలీదు" అనాలి. ఇంటాయన ఉన్నాడా అంటే "నాకు తెలీదు". నీ పేరేంటంటే, అదీ చెప్పకూడదు. చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. ఆయన మమ్మల్ని పరీక్షించేవాడు. తనకి తెలిసినవాళ్లకి కోట్లు తొడిగించి, ఇల్లు కొనేవాళ్లలా వీధిలోకి పంపేవాడు. ఒకసారి మంగలి లామిది పాపం అమాయకంగా "అదేనండీ బాబా ఇల్లు, ఇప్పుడే భోంచేసి పడుకున్నారు" అని చెప్పేశాడు. తర్వాతి మీటింగులో బాబా అతన్ని అందరి ముందూ నిలబెట్టి, "చూడండి, ఈ పెద్దమనిషి నా ఇల్లు అమ్మేశాడు. చప్పట్లు కొట్టండి" అన్నాడు. లామిది సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరికీ ఏమీ తెలీదు.

అలాంటి మనిషికి ఇల్లు అమ్మాల్సిన అవసరం వచ్చి పడింది. ఆయన భార్యని మేం మామా అంటాం, అంటే అమ్మ అని. ఆవిడకి గుండెలో కవాటం పాడైంది. వానలు ముగిసేలోగా ఆపరేషన్ చేయకపోతే కష్టమని లేగోస్ డాక్టర్లు చెప్పారు. ఈ సంగతి వీధిలో నా ఒక్కదానికే తెలుసు. రోజూ ఆవిడకి మొక్కజొన్న జావ నేనే పట్టుకెళ్తాను. వసారా నుంచి వంటింటికి వెళ్లడానికి ఆవిడ గోడ పట్టుకుని మధ్యలో ఆగడం నేను కళ్లారా చూశాను. ఎవరికీ చెప్పొద్దని బాబా నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో జబ్బుందని తెలిస్తే మోసగాళ్లు ముసురుకుంటారట.

కొనడానికి ఒమోలారా మేడం వచ్చింది. బజారులో బట్టల కొట్టు ఆవిడది. కష్టపడి పైకొచ్చిన మనిషని మాట తీరులోనే తెలిసింది. ఇల్లంతా తిరిగి చూసి, బావిలోకి తొంగిచూసి, బయటికొచ్చి గోడ ముందు ఆగిపోయింది.

"బాబా, అమ్మకానికి లేదని రాసుందిగా?"

"అది మోసగాళ్ల కోసమమ్మా."

"మరి మీరు అమ్ముతున్నారుగా?"

"నేను మోసగాణ్ణి కాదుగా!"

"ప్రతి మోసగాడూ అదే అంటాడు బాబా, దొంగ కాగితాలూ చూపిస్తాడు, ఏమీ అనుకోకండి" అని ఆవిడ వీధిలో విచారించడానికి బయల్దేరింది. తెలివైన మనిషి ఎవరైనా చేసే పనే అది. ఆవిడని తప్పుపట్టలేను.

లామిది దగ్గరికి వెళ్లి ఆ ఎదురిల్లు ఎవరిదని అడిగింది. లామిది కత్తెర ఆపి, "ఏ ఇల్లు?" అన్నాడు.

"అదిగో, ఎదురుగా ఉందిగా బాబూ."

"అక్కడ ఇల్లుందా?" అన్నాడు ఆ మహానుభావుడు.

పాస్టర్ ఒయెలామీ అయితే వీధిలో సగం మంది పిల్లలకి పేర్లు పెట్టినవాడు. "నేను ఈ వీధికి కొత్త, సిస్టర్" అని బైబిల్ చంకలో పెట్టుకుని జారుకున్నాడు. వడ్రంగి పెళ్లామైతే తలుపే వేసుకుంది. నా ఒళ్లు మండిపోయింది. చిల్లుల గరిట పక్కన పెట్టి ఎదురెళ్లాను.

"మేడం, ఆయన బాబా అకిన్వందే. ఆ ఇల్లు ఆయనే కట్టుకున్నాడు. పునాదికి ఇసక దింపిన రోజు కూడా నేనిక్కడే ఉన్నాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మంచిదక్కా. మరి నువ్వెవరో చెప్పేవాళ్లు ఎవరున్నారు?"

లామిది వైపు చూశాను. వాడు ఆకాశం వైపు చూశాడు.

సాయంత్రం బాబా అందర్నీ పోగేసి, "నేను నిజంగానే అమ్ముతున్నాను. ఆవిడ మళ్లీ వస్తే నేనెవరో చెప్పండి నాయనా" అని బతిమాలాడు. ఆయన బతిమాలడం మేం ఎప్పుడూ చూడలేదు. అదే కొంప ముంచింది.

"భలే బాబా! ఈసారి మాత్రం నేను పడను" అని లామిది పగలబడి నవ్వాడు.

పాస్టర్ నవ్వలేదు. "మన బాబా ఇల్లు అమ్మడమేంటి? ఎవడో మందు పెట్టాడు. మాయ చేసి సంతకం పెట్టించుకునే ముఠాలు లేవూ?" అని బాబా నెత్తి మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలెట్టాడు. నేను ఒట్టు గట్టున పెట్టి, మామాకి గుండె జబ్బని అరిచాను. "చూశారా, ఈవిడకీ పెట్టారు మందు" అని నా నెత్తి మీద కూడా చెయ్యి వేశాడు. ఆ చేతిని విదిలించి కొట్టాను. బాబా మాత్రం కదలకుండా, తల వంచుకుని, ప్రార్థన అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

మేడం మళ్లీ రాలేదు. కొన్నాళ్లకి పొద్దున్నే వెల్డింగువాణ్ణి, ఇద్దరు వస్తాదుల్ని, కొత్త తాళాల్ని వెంటేసుకుని దిగింది. బాబా ఎంతో ఆశగా గేటు తీశాడు.

"సామాన్లు సర్దుకో బాబా. ఈ ఇల్లు నాది. బారిస్టర్ ఫాలెటి దగ్గర కొన్నాను. అసలు ఓనరు లండన్‌లో ఉన్నాడు, నువ్వు అద్దెకుంటూ ఇల్లు అమ్మజూసిన దొంగవి. నాకంతా చెప్పాడాయన."

"ఆ ఫాలెటి ఎవడమ్మా? నేనే ఓనర్ని!"

"అయితే నీ వీధిలో ఒక్కడికీ నువ్వు తెలీదేం?" అంది ఆవిడ. "ఆయనా అదే అన్నాడు. వెళ్లి అడుగు, ఎవడూ ఎరగడు అన్నాడు. నేనప్పటికే అడిగి చూశానుగా! అందుకే నమ్మాను."

వెల్డింగువాడు గేటు మీద చెయ్యి వేశాడు. అంతే, వీధి వీధంతా తలుపులు తెరుచుకుంది. అందరికంటే ముందు లామిది, సబ్బు నురగతో సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి కత్తితో సహా దూకాడు.

"ఎవడి ఇల్లనుకున్నారు? ఇది మా బాబా అకిన్వందేది! రైల్వేలో గార్డు చేశాడు! ప్రతి ఇటుకా ఆయన డబ్బే!"

పాస్టర్ అయితే బాబా కొత్తింట్లో చేరిన రోజు తను చేసిన ప్రసంగం మొత్తం అప్పజెప్పాడు. వడ్రంగి పెళ్లాం గృహప్రవేశం ఫోటో గోడకున్నది ఊడదీసి తెచ్చింది. ఒకళ్లని మించి ఒకళ్లు ఒట్లు వేశారు. వస్తాదులు వెనక్కి తగ్గారు, వెల్డింగువాడు సామాను సర్దుకున్నాడు. మేడం ఆ మట్టిలోనే కూలబడిపోయింది. ఫాలెటికిచ్చిన డబ్బంతా కొట్టు తాకట్టు పెట్టి తెచ్చిందట.

"ఇన్ని నోళ్లున్నాయే" అంది ఆవిడ ఏడుస్తూ. "ఆ రోజు ఈ అక్క తప్ప ఒక్క నోరు పెగల్లేదే! వీళ్లల్లో ఇంకొక్కరు చెప్పినా ఆ డబ్బు ఈ ముసలాయన చేతిలోనే పెట్టేదాన్ని కదా."

ఎవరూ వినిపించుకోలేదు. వీధి గెలిచింది మరి. లామిది, ఇంకో ముగ్గురు కలిసి బాబాని భుజాల మీదికి ఎత్తుకున్నారు. డోలు ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. పాస్టర్ స్తోత్రం అందుకున్నాడు, ఆడవాళ్లు నడుం వంచి ఆడారు. బాబా భుజాల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "ఆనందం, ఆనందం" అని అందరూ ఇంకా గట్టిగా పాడారు.

నేను ఆడలేదు. జావ గిన్నె పట్టుకుని వసారాలోకి వెళ్లాను. మామా గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏంటే రోంకే తల్లీ, ఆ డప్పులు? మేడం వచ్చిందా? ఇల్లు కొనేసిందా?"

అప్పుడే బాబాని గుమ్మంలో దింపారు. ఆ ప్రశ్న ఆయనకీ వినపడింది. వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"లేదే" అన్నాడు. "అందరూ కలిసి ఇల్లు కాపాడారు."