కాస్త వదులు

ఉక్కు ఫ్యాక్టరీ కింద ఊరు పోతోందని తేలిన రోజున గురువులుకి ఇంటి గురించి దిగులు కలగలేదు. నాలుగు తాటాకులూ రెండు గుంజలూ ఎక్కడైనా పాతుకోవచ్చు. దిగులంతా నావ గురించే. మేకు అన్నది లేకుండా, పలకలన్నీ కొబ్బరితాడుతో కుట్టి తండ్రి చేయించిన నావ అది. కొండ అవతల, కొత్తగా చోటు దొరికిన యారాడకి అది క్షేమంగా చేరితేనే గురువులూ, తమ్ముడు పోలిరాజూ మళ్లీ సొంతంగా చేపల వేటకి పోగలరు. లేదంటే హార్బరులో ఎవరి మరబోటు మీదో కూలికి చేరాలి.

సముద్రం మీదయితే ఒక్క పూట ప్రయాణం. కానీ వాయుగుండం పట్టింది, పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. ఫ్యాక్టరీ ఆఫీసు వాళ్లేమో ఆ వారంలోనే ఊరు ఖాళీ చెయ్యాలన్నారు. వాయుగుండాలు చూసుకుని గడువులు పెట్టే ఆఫీసు ఎక్కడుంది గనక! అందుకని పక్క ఊరి సన్యాసిరాజు ట్రాక్టరు మాట్లాడుకున్నారు. అతనూ పొలం పోగొట్టుకున్నవాడే.

ట్రాలీ తలుపులు విప్పేసి, గడ్డి మూటలు పరిచి, ఊరి మగాళ్లంతా కలిసి నావని పైకి ఎక్కించారు. సన్యాసిరాజు ఇనప గొలుసు పట్టుకొచ్చాడు.

"దీంతో బిగించీయాల బావా. కొండ ఎక్కినప్పుడు యెనక్కి జారిపోద్ది."

గురువులు గొలుసుని చేత్తో తోసేశాడు. "కుట్టు తెగిపోద్ది. ఇది దాన్యం బస్తా అనుకున్నావేటి? నావకి కాస్త వదులుండాల. ఊపిరాడాల."

నీళ్లలో అది నిజమే. ఒడ్డున కట్టిన నావ కెరటంతో పాటు లేచి దిగాలి. బిగదీసి కడితే తాడో కుట్టో తెగి తీరుతుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ గురువులు చేతులకి తెలిసిన ముడి అదొక్కటే. రోడ్డు మీద కెరటం ఉండదని ఆ చేతులకి ఎవరు చెప్పాలి? కొబ్బరితాళ్లు తెచ్చి, తనే దగ్గరుండి, వదులుగా కట్టాడు.

పోలిరాజు ఎగిరి నావ వెనక భాగంలో, రోజూ చుక్కాని పట్టే చోటే కూర్చున్నాడు. మనిషి లేకుండా నావని కదిలించకూడదని వాళ్ల కట్టుబాటు.

"దిగిపోరా బాబూ, ట్రాలీ మీద మనిసి ఉండకూడదు," అన్నాడు సన్యాసిరాజు.

"ఒంటిగా పంపితే నావ జడుసుకుంటాది," అని నవ్వి, పోలిరాజు అన్నకేసి చూశాడు.

"కూకోనీ," అన్నాడు గురువులు.

గాజువాక దాటాక జనం ఆగి ఆగి చూశారు. పోలిరాజుకి హుషారు ఎక్కువైంది. బస్టాపు కనబడినప్పుడల్లా నావలోంచి లేచి, "భీమిలి, భీమిలి! ఖాళీ బండి, ఎక్కీయండి!" అని కండక్టరులా అరిచాడు. ముందు మడ్‌గార్డు మీద కూర్చున్న గురువులు కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఊరు విడిచిన బాధ ఆ కాసేపు మరిచిపోయాడు.

యారాడ కొండ ఎక్కుతుంటే మొదటి మలుపులో గేరు మారి ట్రాక్టరు కుదిపింది. నావ జానెడు వెనక్కి జరిగింది. అది గురువులు చూశాడు.

"ఆపీనా బావా? బిగిద్దాం," అన్నాడు సన్యాసిరాజు.

"ఎక్కుడులో ఆపితే మరి లాగదు. పోనీ."

రెండో మలుపులో బరువంతా వెనక్కి పడి ట్రాలీ ముందు భాగం లేచింది. తాళ్లు అలాగే ఉన్నాయి. వాటి వదులులోంచి నావ జారి రోడ్డు మీద పడింది. పోలిరాజు దానికంటే ముందు, దాని కిందే పడ్డాడు.

నావ ఎత్తి తీసేసరికి అతనిలో ఊపిరి లేదు. అన్న ఎన్ని పేర్లు పెట్టి పిలిచినా పలకలేదు.

సాయంత్రానికి అదే ట్రాలీ మీద పోలిరాజుని యారాడ దించారు. తరవాత మనుషులు పోయి నావనీ మోసుకొచ్చారు. ఆ ఊరి పెద్దాయన ఒకడు పలకలన్నీ తడిమి చూసి, "ఒక్క కుట్టు తెగలేదు," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, పాపం. గురువులుకి నావని అక్కడికక్కడే తగలబెట్టాలనిపించింది.

పోలిరాజు పెళ్లాం చిట్టమ్మ సామాన్లతో ముందే అక్కడికి చేరి ఉంది. ఏడ్చి ఏడ్చి లేచొచ్చి, బావ ముందు నిలబడింది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆమె అతని ఎదట నిలబడి మాట్లాడింది లేదు.

"ఎలాగైపోనాది బావా?"

సన్యాసిరాజు గబగబా అడ్డం వచ్చాడు. "తాడు తెగిపోనాదమ్మా. పాత తాడు." చెప్పి, ఊఁ అనమన్నట్టు గురువులుకేసి చూశాడు.

గురువులు తల ఎత్తలేదు. "తెగలేదు. వదులుగా నానే కట్టాను. ఆణ్ని కూకోమన్నదీ నానే."

"తెగిపోనాదనే సెప్పు బావా," అంది చిట్టమ్మ. "రేపట్నుంచి నానూ పిల్లలూ నీ సేతి కూడే తినాల."