లస్మి మెడ మీది పేరు

పొద్దున్నే సుమియాతి మొదటి పని బకెట్లు కడగడం. జకార్తాలో రైలు పట్టాల పక్కన మసీదుకి ఆనుకుని పచ్చబొట్లు తీసే గది ఉంది, అందులో ఆమె ఆయా. అక్కడ ఫీజు లేదు. ఖురాన్‌లోని ఒక సూరా, అంటే అధ్యాయం, కంఠస్థం చేసి, వచ్చినప్పుడల్లా కొంత మసీదు పెద్దాయనకి అప్పజెప్పాలి, అంతే.

లేజర్ తగలగానే చర్మం టపటపమని తెల్లగా పొంగి, కాలిన వెంట్రుకల కంపు కొడుతుంది. పైతోలు మాత్రం తెగదు. వెలుగు లోపలికి దిగి సిరాని నూకలు చేస్తుంది. ఆ నూకల్ని ఒంట్లోని తెల్లకణాలు కొద్దికొద్దిగా మోసుకుపోవాలి గనక విడతకీ విడతకీ మధ్య ఆరు వారాలు ఆగాలి. ఈ పేట జనానికి మాత్రం ఆ నూకలు గొంతులోకి చేరతాయి. మళ్లీ వచ్చిన రోజు బకెట్లో ఉమ్మేస్తారు. కఫం నురగ మీద తేళ్లూ, కత్తులూ, ఎవత్తెదో తొడా మళ్లీ అల్లుకుంటాయి. ఒంటికి తగిలితే అతుక్కుంటాయి కూడా. పదకొండేళ్లుగా రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కుని ఆ జిగురు కడుగుతున్నా సుమియాతికి మధ్యాహ్నం అన్నం సయించదు.

ఆ రోజు లస్మి ఆరో విడతకి వచ్చింది. పెళ్లయిన నెలకే ఆమె మొగుడు గునాది కుట్టుసూదితో, దీపం మసితో ఆమె మెడ మీద తన పేరు పొడిచాడు. రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ స్టేషన్లో ఎవరో ఆ మెడ చూసి అతనికే అప్పగించారు. "పేరున్న వస్తువు ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యాలి కదమ్మా" అన్నారట. ఇప్పుడు మెడ మీద నీడ మాత్రమే మిగిలింది. సాయంత్రం రైలుకి సురబాయ వెళ్లాలి. అక్కడ వంటపని దొరికింది.

లస్మి తప్పులేకుండా అప్పజెప్పింది. లేజరూ అయిపోయింది. అయిదు విడతల సిరా మాత్రం ఒక్కసారీ బయటికి రాక గొంతులోనే అడ్డుపడి ఉంది.

"రావట్లేదక్కా."

"గట్టిగా దగ్గవే. సిగ్గెందుకు, ఇక్కడ నేను చూడని రోత లేదు."

నల్లటి ముద్ద ఒకటి బకెట్లో పడి, విచ్చుకుని గునాది అని పరుచుకుంది. మెడ మీది నీడ పోయింది.

అంతలో గుమ్మంలో గునాది.

"నా పేరెక్కడ పారేశావే?"

"చెప్పులు బయట విడు, ఇక్కడున్న కంపు చాలు" అంది సుమియాతి.

"నువ్వు నోరు ముయ్యి. అది నాది. ఇంటికి తీసుకెళ్లి మళ్లీ పొడుస్తా."

వాడి చేతికి తొడుగు లేదని సుమియాతి చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమెకి వాణ్ణి చూస్తే బకెట్ కన్నా అసహ్యమేసింది. చెప్పలేదు.

బకెట్లో తేలుతున్న పేరు చూసి గునాది చెయ్యి ముంచాడు. పేరు వాడి మోచెయ్యి మీదుగా పాకి మెడ చుట్టూ సర్దుకుంది. వెనకే తేలూ, తొడా, పరాయివాళ్ల కఫంతో సహా చెంపలెక్కాయి. వాడు డోక్కుంటూ కూలబడ్డాడు. లస్మి వాణ్ణి దాటుకుని వెళ్లిపోయింది. స్టేషన్లో ఆమెని ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు ప్రతి గురువారం గునాది కూడా వరసలో కూర్చుంటాడు. సూరాలో రెండో వాక్యం దాటలేడు. "మళ్లీ మొదట్నుంచి నాయనా" అంటాడు పెద్దాయన. లస్మిని వెతుక్కుంటూ వాడు రెండుసార్లు సురబాయకి బయల్దేరాడు. రెండుసార్లూ స్టేషన్లో ఎవరో మెడ చూసి, జాగ్రత్తగా తీసుకొచ్చి గునాది ఇంటి తలుపు కొట్టారు. తీసుకోవడానికి లోపల ఎవరూ లేరు.