ఊరికే పడుకునే పని

కూరల డబ్బాలకు మూతలు పెట్టి ఫ్రిజ్‌లో సర్దుతుంటే గుండె దడదడలాడింది. ఫ్రిజ్ తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. చల్లగాలి ముఖానికి తగులుతున్నా మెడ మీద చెమట పట్టింది. నేను లేని రోజులకు సరిపడా వండి పెట్టాను. పాప యూనిఫాంలు ఇస్త్రీ చేశాను. అత్తగారి మాత్రలు పూటపూటకీ పొట్లాలు కట్టాను. అన్నీ అయ్యాక సోఫాలోంచి ఆవిడ అన్నది ఒకటే మాట. "నీకేమ్మా, హాయిగా వెళ్ళి పడుకుని వస్తావు. ఇక్కడ తిప్పలన్నీ మావే."

కొత్త మందులు దుకాణాల్లోకి రాకముందు మనుషుల మీద పరీక్షిస్తారు. ఆ మనుషుల్లో నేనొకదాన్ని. మందు మింగి, వాళ్ళు అడిగినప్పుడల్లా రక్తం ఇస్తూ, వాళ్ళ కళ్ళ ముందే మంచం మీద ఉండాలి. టైలరింగ్ షాపులో గుండీలు కుట్టి తెచ్చే జీతం చాలక, ఒక్కసారికే కదా అని మొదలుపెట్టాను. షాపులో మాత్రం పుట్టింటికి వెళుతున్నానని చెబుతాను. "మాటిమాటికీ పుట్టిల్లు. పెట్టి పుట్టావే తల్లీ" అంటుంది ఓనరమ్మ, సెలవు రోజుల జీతం కోస్తూ. మా ఆయనకైతే ఇది పని కిందే లెక్క కాదు. "ఊరికే పడుకుంటే డబ్బులిచ్చే చోటు ఎవరికి దొరుకుతుంది చెప్పు. నేనే వెళ్ళేవాణ్ణి, కానీ సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి, నీకు తెలుసుగా. ఆడవాళ్ళకు ఓర్పెక్కువ" అంటారు. మెచ్చుకుంటున్నారనే అనుకునేదాన్ని మొదట్లో.

ఈ పనికి ఒక గట్టి నియమం ఉంది. ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య మూడు నెలలు గడవాలి. పాత మందు ఒంట్లోంచి పూర్తిగా పోవాలి, లేకపోతే రెండూ కలిసి ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. మొదటిసారి డాక్టరుగారు ఈ సంగతి మా ఇద్దరికీ నిదానంగా చెప్పారు. నాతోపాటు ఆయనా తలూపారు. కానీ పోయిన వారమే నేను ఊరికి అటు చివరున్న మందులు పరీక్షించే ఇంకో సెంటర్లో మందు మింగి వచ్చాను. ఆయన కిరాయికి తిప్పే కారు అప్పు వాయిదా దగ్గరపడింది. ఊరికి ఇటువైపున్న సెంటర్లో మనుషులు కావాలన్న ప్రకటన ఆయన కంటపడింది. "వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు. నువ్వు నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్నారు, వస్తూ పాలు తెమ్మని చెప్పినంత మామూలుగా. గుండె దడగా ఉంటోందండీ అన్నాను. "టీ తగ్గించు" అన్నారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఈ కొత్త సెంటర్లో చేరిన రోజు నర్సు నా మోచేతి మడత దగ్గర నల్లగా కమిలిన చోటు చూసింది. పోయిన వారం సూది గుచ్చిన చోటది. ఇంట్లో తలుపు తగిలిందని ఆయన నేర్పిన మాటే చెప్పాను. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరైనా కొడతారా అమ్మా?" అని అడిగింది. నవ్వేశాను. ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. ఆ సంగతి నేను నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను కూడా.

పక్క మంచం మీద ఉన్నావిడను అందరూ బొంతక్క అంటారు. ఎన్ని పరీక్షలకు వచ్చిందో ఆవిడకే గుర్తులేదు, వచ్చినప్పుడల్లా సొంత బొంత తెచ్చుకుంటుంది. "గంటగంటకీ వచ్చి ఎలా ఉందని అడుగుతారు. ఏమీ లేదు అను. ఏదైనా ఉందన్నావో, మందు ఆపి ఇంటికి పంపేస్తారు. సగం డబ్బులు కూడా రావు" అని చెప్పింది.

"నాకు నేర్పక్కర్లేదక్కా. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే అంటున్నాను."

ఇద్దరం పకపకా నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మాత్ర ఇచ్చారు. మింగానో లేదో అని నాలుక పైకెత్తించి, టార్చి వేసి, నోరంతా వెతికారు. ఒకసారి నర్సు వచ్చి అడిగింది, ఏమీ లేదన్నాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే అన్నాను. ఆ తర్వాత మొదలైంది. ముందు వేళ్ళు చల్లబడ్డాయి. గుండె ఉరుకుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఉరుకుతోంది. ఆగినప్పుడల్లా ఇక కొట్టుకోదేమో అనిపిస్తోంది. పాప జడ ఎవరు వేస్తారు, స్టవ్ మీద పాలు పెట్టి అత్తగారు మర్చిపోతారు కదా అని ఇల్లంతా తలలో తిరిగింది. అంత భయంలోనూ నా గురించి నాకు చివరికి గానీ గుర్తురాలేదు. గుర్తొచ్చాక ఇంకా భయమేసింది. నా ఒంట్లో రెండు మందులున్నాయని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. నేను తెలివి తప్పి పడిపోతే డాక్టర్లు ఒక్క మందే ఉందనుకుని వైద్యం చేస్తారు. అప్పుడు ఆ రెండో మనిషి నోరు విప్పుతారా?

ఆయనకు ఫోన్ చేశాను.

"గుండె అదోలా ఉందండీ. చెప్పేస్తాను."

"పిచ్చా నీకు? ఇప్పుడు చెబితే ఇక ఎక్కడా రానివ్వరు. ఈ ఒక్కరోజు ఓర్చుకో."

"ఒకవేళ నేను పడిపోతే, మీరు చెబుతారా?"

అటువైపు టీవీ చప్పుడు వినిపించింది. "అన్నీ ఎక్కువగా ఆలోచిస్తావు నువ్వు" అన్నారు. తర్వాత, "అవునూ, పాప తెల్ల సాక్సులు ఎక్కడ పెట్టావు?"

"బీరువాలో, కింది అరలో" అన్నాను. నోరు దానంతటదే చెప్పేసింది. ఫోన్ పెట్టేశాను. నేను అడిగినదానికి జవాబు వచ్చేసింది.

నర్సు వచ్చింది. "ఎలా ఉందమ్మా?"

"ఏమీ..." అన్నాను. అలవాటైన మాట సగందాకా వచ్చేసింది. బొంతక్క నా వైపే చూస్తోంది. ఆ అమ్మాయి వెళ్ళిపోలేదు. మిగతా మాట కోసం అలాగే నిలబడింది. ఒకళ్ళు నా జవాబు కోసం అలా నిలబడి ఎంతకాలమైందో నాకు తెలియదు.

"బాగాలేదు" అన్నాను. "గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. పోయిన వారం ఇంకో చోట మందు మింగాను. మీకు అబద్ధం చెప్పాను. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది సిస్టర్."

ఆ తర్వాత హడావుడి. డాక్టరు వచ్చారు, ఛాతీకి వైర్లు అంటించారు, పోయిన వారం మందు పేరు అడిగి ఆ సెంటరుకు ఫోన్ చేశారు. చేతికి సెలైన్ ఎక్కించారు. కోప్పడతారనుకున్నాను. "మధ్యాహ్నం రెండో మాత్ర కూడా ఇచ్చేసేవాళ్ళం మీకు" అని మాత్రం అన్నారు. బొంతక్క ఎప్పుడు లేచి వచ్చిందో, తన బొంత నా కాళ్ళ మీద కప్పి, "పిచ్చి మొహమా, ముందే చెప్పొద్దూ" అంది. ఏమీ లేదనమని నేర్పింది తనేనని ఆవిడకు గుర్తులేనట్టుంది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే గుండె మళ్ళీ పరిగెడుతుందని దిగమింగాను.

సాయంత్రానికి గుండె కాస్త దారికి వచ్చింది. ఈ రాత్రి ఇక్కడే ఉంచి చూస్తామన్నారు డాక్టరు. భయం మాత్రం పోలేదు. తలుపు అవతల చెప్పుల చప్పుడు విన్నప్పుడల్లా ఆయనేమోనని అటే చూస్తున్నాను.

నర్సు వచ్చి మంచం పక్కన నిలబడింది. "మీవారికి కబురు చేశామమ్మా. వచ్చారు, కింద ఉన్నారు. చాలా కంగారు పడుతున్నారు. పైకి పంపమంటారా?"

"వద్దు సిస్టర్" అన్నాను. "ఆయన ముఖం చూస్తే మళ్ళీ ఏమీ లేదనేస్తాను."