తెర మీద నిద్రపోయిన సమాధానం

రొయ్యల గుంట గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్న ఎలిశబెతమ్మ ఆ ఆదివారం చర్చికి పోలేకపోయింది. కూతురు ఫేబీ చర్చి మూలలో కెమెరా పెట్టి, ఆరాధనంతా సర్వర్‌కు పంపి, ఇంట్లో ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కనబడేట్టు అమర్చింది.

"బొమ్మ అర నిమిషం ఆలస్యంగా వస్తాదమ్మా. సర్వర్ దాకా పోయి రావాల గదా" అంది. ఎలిశబెతమ్మ విన్నట్టే తలూపింది.

జడ్సన్ అయ్యగారి ప్రసంగం సగానికొచ్చింది. ముందు వరసలో ఆమె భర్త సమాధానం తల వాల్చి, నోరు తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు. నాయుడుపేట వియ్యపురాలు కూడా ఇదే చూస్తోందని గుర్తొచ్చేసరికి ఎలిశబెతమ్మకు ఒళ్లు మండింది. ఫోన్ చేసింది.

"ఏమయ్యా, లెయ్యి!"

"లేచినా" అన్నాడు సమాధానం గుసగుసగా.

తెర మీద మనిషి కదల్లేదు.

"యాడ లేచినావు? ముందా నోరు మూసుకో!"

"మూసుకుంటే ఎట్టా మాట్లాడేది?"

"నిద్దట్లో కూడా అబద్ధమేనా? నాకు కనపడతానే ఉండావు. లేచి నిలబడు!"

మరుక్షణం ఫోన్‌లో అయ్యగారి గొంతు వినిపించింది. "స్తోత్రం! సమాధానం అన్న దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేదానికి లేచినాడు. రాన్నా, మైకు తీసుకో."

ఫోన్ కట్టయింది.

సమాధానం జన్మలో నలుగురి ముందు నోరెత్తి ఎరగడు. ఎలిశబెతమ్మ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. తెర మీద ఆయన అప్పుడే ఉలిక్కిపడి లేచి, జేబు తడుముకుని, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అప్పటికి గానీ కూతురి మాట ఆమె తలకెక్కలేదు. తను చేసిన నిర్వాకమంతా కళ్లముందు నడుస్తోంది, ఆపే దారి లేదు. సమాధానం నిలబడ్డాడు. మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

బొమ్మ ఆగిపోయి తెర మధ్య చక్రం తిరగసాగింది.

అది ఆగేసరికి చర్చిలో అందరూ నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. కొందరు ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు.

"ఏం చెప్పినావయ్యా?" ఇంటికి రాగానే అడిగింది.

"ఏందో చెప్పినాలే" అంటూ సమాధానం కంచం ముందు కూర్చున్నాడు.

"సర్వర్లో ఉండాదమ్మా" అని ఫేబీ ఆ భాగం మళ్లీ పెట్టింది.

మైకును రెండు చేతులా పట్టుకుని సమాధానం చెప్తున్నాడు: "నేను నిద్రపోతే మా ఇంటామె మోచేత్తో పొడిచి లేపతాది. ఈపొద్దు పక్కన లేకపోయినా లేపింది. ఆమె లేకుంటే నాకు ఏం తోచడంలా. ఆమె కాలు తొందరగా బాగవ్వాలని ప్రార్థన చెయ్యండి."



"మీ నాయనకు ఇంకో చేపముక్క వెయ్యి" అంది ఎలిశబెతమ్మ కూతురితో. "వేసొచ్చి, ఆ సాక్ష్యం ఇంకోసారి పెట్టు."